‘మగపిల్లలకు మాటలు లేటుగానే వస్తాయిలే’ అనుకునే లోపు...

రెండేళ్లు దాటినా బాబుకు మాటలు రాలేదంటే మన ఇళ్లల్లో మొదట వినిపించేది ఇదే: ‘‘మగపిల్లలకు లేటుగానే వస్తాయిలే.’’ తర్వాత, ‘‘వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి, ఇప్పుడు నోరు ఆగుతోందా?’’ ఆ తర్వాత ఎవరో ఒక పెద్దావిడ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమంటుంది. అందరూ ప్రేమతోనే చెప్తారు. చాలా ఇళ్లల్లో అది నిజమే అవుతుంది కూడా. కానీ నిజం కాని ఇళ్లల్లో ఈ ఓదార్పు మాటల మధ్యే ఒకటి రెండేళ్లు గడిచిపోతాయి. పిల్లల మెదడు అన్నిటికంటే వేగంగా నేర్చుకునే కాలం సరిగ్గా అదే.

ఇది చదివే మీలో చాలామందికి ఇంకా పిల్లలు ఉండకపోవచ్చు. అక్క కొడుకో, బాబాయి మనవరాలో ఉంటారు కదా. హాస్పిటల్‌లో ఏదో రిపోర్టు ఇస్తే ‘‘ఇదేంటో చూసి చెప్పరా’’ అని వాట్సాప్‌లో వచ్చేది మన ఫోన్‌కే. అందుకే ఏది ఏ వయసులో బయటపడుతుంది, ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది మనకు కాస్త తెలిసి ఉండాలి.

చట్టం లెక్క మొదట చెప్పేస్తా. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు, కండరాల క్షీణత, తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఇవన్నీ అప్పుడే జాబితాలోకి వచ్చాయి. ఆ 21 పేర్లూ బట్టీ పట్టాల్సిన పని లేదు. అవి ఎప్పుడు కనిపిస్తాయన్నది తెలిస్తే చాలా ఉపయోగం.

పుట్టిన నెల రోజుల్లో

కొన్ని పుట్టగానే కంటికి కనిపిస్తాయి. పై పెదవి చీలి పుట్టే పిల్లలకు మనవాళ్లు పెట్టిన పేరు ‘గ్రహణం మొర్రి’. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కడుపులో మొదటి మూడు నెలల్లో పెదవి, అంగిలి కలవాల్సిన చోట కలవకపోతే అలా అవుతుంది. కానీ గ్రహణం రోజు కోడలు బయటికి వచ్చిందన్న నింద ఆ పేరులోనే ఉండిపోయింది. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి ఏడాది, ఏడాదిన్నర వయసులో ఆపరేషన్ చేస్తారు. అంగిలి ఆపరేషన్ ఆలస్యమయ్యే కొద్దీ మాట ముక్కులోంచి రావడం అలవాటైపోతుంది.

పాదాలు లోపలికి తిరిగి పుట్టినా అంతే. మొదటి వారాల్లోనే మొదలుపెట్టి వారానికోసారి పిండికట్టు మారుస్తూ పాదాన్ని దారికి తెస్తారు. దీన్ని పొన్సెటి పద్ధతి అంటారు. తర్వాత నాలుగేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు వేయాలి. పాదం బాగైపోయిందని మధ్యలో బూట్లు మానేసిన ఇళ్లల్లో మళ్లీ మొదటికొస్తుంది.

అసలు కష్టం కనిపించనివాటితోనే. పుట్టుకతో థైరాయిడ్ గ్రంథి పనిచేయని పిల్లలుంటారు. చూడటానికి మామూలుగానే ఉంటారు. మడమ దగ్గర సూదితో ఒక్క చుక్క రక్తం తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ మెదడు అందరిలాగే ఎదుగుతుంది. నెలలు గడిచాక తెలిస్తే, తగ్గిన తెలివితేటలు తిరిగి రావు. ఆ మందు ఏదో విదేశాల నుంచి తెప్పించేది కాదు, మన అమ్మలు పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి ఇంకొకటి. 34 వారాల కంటే ముందు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువున్నా 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేయించాలి. రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పూర్తిగా పోయే ప్రమాదం ఉంటుంది. సమయానికి చూస్తే లేజర్‌తో ఆపొచ్చు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల ఇది చేస్తారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఆర్‌ఓపీ స్క్రీనింగ్’ అనే రెండు మాటలు ఉంటాయి. బిడ్డ ఐసీయూలోంచి బయటపడిందన్న సంతోషంలో ఆ కాగితం ఫైల్లోకి వెళ్లిపోతుంది. మీ ఫోన్‌కు వస్తే ముందు ఆ లైన్ వెతకండి.

ఇక వినికిడి. దీనికి డాక్టర్లు చెప్పే లెక్క 1-3-6: నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం, శిక్షణ. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి కొన్ని నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష మొదటి మెట్టు. అందులో అనుమానం వస్తే బెరా అనే పరీక్ష చేస్తారు. మనమేమో వెనక నిలబడి చప్పట్లు కొట్టి ‘‘తిరిగాడుగా’’ అనుకుంటాం. నీడ కదిలినా, గాలి తగిలినా పిల్లలు తిరుగుతారు. మేనరికం పెళ్లిళ్లలో వంశపారంపర్యంగా వచ్చే చెవుడు అవకాశం ఎక్కువ కాబట్టి మన ప్రాంతంలో ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. యంత్రంతో పని జరగని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ప్రభుత్వ పథకాల్లో ఖర్చు భరిస్తారు గానీ వయసు పరిమితి ఉంటుంది. వినడం ద్వారా మాట నేర్చుకునే శక్తి మొదటి కొన్నేళ్లలోనే బలంగా ఉంటుంది కాబట్టి ఆ పరిమితిలో అన్యాయమేమీ లేదు. అన్యాయం జరిగేది అది తెలియకపోవడం వల్ల.

ఇవన్నీ ఉచితంగా చూడటానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది, ఆర్‌బీఎస్‌కే అంటారు. ఈ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలి. అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే కేంద్రానికి పంపాలి. విచిత్రం ఏంటంటే, అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అంగన్‌వాడీ గడప తొక్కకుండా నేరుగా ప్రైవేట్ ప్లేస్కూల్‌కు వెళ్లే మధ్యతరగతి పిల్లలే ఈ వలలోంచి జారిపోతారు.

పిలిస్తే తిరగని పిల్లాడు

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నరకు కుక్కనో చందమామనో వేలితో చూపించి, ‘అదిగో’ అన్నట్టు మన మొహంలోకి చూడకపోవడం. రెండేళ్లకు ‘తాత రా’, ‘అమ్మ పాలు’ లాంటి రెండు మాటలు కలపలేకపోవడం. బిస్కెట్ కావాలంటే అడగకుండా అమ్మ చేయి పట్టుకెళ్లి డబ్బా మీద పెట్టడం. వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన ఆటిజం అని కాదు. కానీ పిల్లల డాక్టర్‌కు చూపించాల్సిన టైమ్ వచ్చిందని అర్థం. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా ఆగకూడదు. డాక్టర్ మొదట చెవి పరీక్ష రాస్తే ‘‘వీడికి చెవులు బాగానే వినిపిస్తాయి’’ అని వాదించొద్దు. వినపడక తిరగడం లేదా, వినపడినా తిరగడం లేదా అన్నది తేల్చాకే మిగతావి.

ఇక్కడ ఒక కొత్త ఓదార్పు మాట బయల్దేరింది: ‘వర్చువల్ ఆటిజం’. రీల్స్‌లో తెగ తిరుగుతోంది. ఫోన్ చూడటం వల్ల ఆటిజం రాదు. ఈ పేరుతో వైద్యంలో గుర్తించిన జబ్బూ లేదు. రోజంతా స్క్రీన్ చూసే పిల్లలకు మాటలు ఆలస్యం కావచ్చు, తగ్గించడం మంచిదే. ‘‘ఫోన్ మాన్పించి ఆరు నెలలు చూద్దాం’’ అని పరీక్షే వాయిదా వేస్తేనే చిక్కు. పైగా ఇందులో దోషం ఎప్పుడూ తల్లిదే: వంట చేసుకోవడానికి ఫోన్ ఇచ్చింది కాబట్టి! గ్రహణం రోజు బయటికొచ్చిన కోడలికీ ఈమెకూ పెద్ద తేడా లేదు.

వాయిదా వేసిన ఇళ్లకు తర్వాత అద్భుతాలు అమ్మేవాళ్లు వస్తారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు తీసుకునే క్లినిక్‌లు ఉన్నాయి. పరిశోధనలో భాగంగా తప్ప దాన్ని చికిత్సగా ఇవ్వకూడదని ఐసీఎంఆర్ చెప్పింది. ఆటిజాన్ని ‘నయం’ చేసే మందు లేదు. మాట, ఆట, రోజువారీ పనులు చిన్న మెట్లుగా నేర్పే శిక్షణ ఉంది, అది నెమ్మదిగా పనిచేస్తుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు వీధికో థెరపీ సెంటర్ కనిపిస్తోంది. ఎలా నమ్మాలి? 1992 చట్టం ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. వాళ్లకు సీఆర్‌ఆర్ నంబర్ ఉంటుంది, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. నంబర్ అడిగితే మొహం మాడ్చుకునే సెంటర్ అయితే వేరేది చూసుకోవడమే.

సెరిబ్రల్ పాల్సీ విషయంలో మనవాళ్ల పొరపాటు ఇంకో రకం. కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, నెలలు నిండకపోవడం, పట్టించుకోని తీవ్రమైన పసికామెర్లు దీనికి కొన్ని కారణాలు. నాలుగు నెలలు దాటినా మెడ నిలపకపోవడం, ఏడాది లోపే ఒక్క చేతినే వాడటం, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం మొదటి గుర్తులు. ఇది కదలికలకు సంబంధించిన సమస్య. నోటి కండరాలు బిగుసుకుని మాట స్పష్టంగా రాని పిల్లలో చాలామందికి తెలివి పూర్తిగా ఉంటుంది. వాళ్ల ముందే ‘‘వీడికేం అర్థం కాదు’’ అని మాట్లాడుకుంటాం. చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి యాప్‌లు ఇలాంటి పిల్లల కోసమే: బొమ్మ నొక్కితే ఫోన్ మాట పలుకుతుంది. ‘యాప్‌కు అలవాటు పడితే మాట్లాడటం మానేస్తాడేమో’ అని భయపడక్కర్లేదు. నోటి మాటకు అది అడ్డం రాదు.

డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో తెలుగువాళ్లకు దేశంలో పెద్ద సంస్థే దగ్గర్లో ఉంది. 1984లో ఎన్‌ఐఎంహెచ్‌గా మొదలైన సంస్థే ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో. పరీక్షలు, చిన్న పిల్లలకు శిక్షణ, టీచర్ల కోర్సులు అన్నీ అక్కడే. అక్కడైనా, మంచి స్పెషల్ స్కూల్లోనైనా ప్రతి పిల్లకూ విడిగా ఒక ప్లాన్ రాస్తారు, ఐఈపీ అంటారు. ‘లెక్కలు నేర్పాలి’ అని రాస్తే అది ప్లాన్ కాదు. ‘మూడు నెలల్లో షాపుకెళ్లి బిస్కెట్ ప్యాకెట్ కొని, చిల్లర సరిగ్గా తీసుకురావాలి’ అని రాస్తే ప్లాన్.

‘మొద్దు’ అని పేరు పడ్డాక

కొన్ని బడిలో చేరాక గానీ తెలియవు. నోటితో అడిగితే పాఠం మొత్తం చెప్తాడు, రాయమంటే పేపర్ ఖాళీ. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా పుణ్యమా అని డిస్లెక్సియా పేరు అందరికీ తెలిసింది. బీ, డీ అక్షరాలు తిరగేసి రాయడమే డిస్లెక్సియా అన్న అపోహ కూడా దానితోనే వచ్చింది.

తెలుగులో దీని రూపం కొంచెం వేరు. మ-య, న-స, ప-ష, ద-ధ లాంటి జంటలు చూడండి, తేడా ఒక చిన్న గీతే. ఇక ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి. అవి వరసగా కూడా ఉండవు, పైన, కింద, పక్కన అంటుకుని ఉంటాయి. మామూలు పిల్లలకే గుణింతాలు, ఒత్తులు పూర్తిగా పట్టుబడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇంకో సంగతి: మనం పలికినట్టే రాస్తాం కాబట్టి తెలుగులో డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో చాలామంది ప్రతిసారీ తప్పు చదవరు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని సరిగ్గానే చదువుతారు. కాకపోతే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. ‘‘తప్పుల్లేవుగా, బద్ధకం అంతే’’ అని టీచర్, అమ్మ ఇద్దరూ తేల్చేస్తారు. నాలుగో తరగతిలో కూడా కూడబలుక్కుంటుంటే అది బద్ధకం కాదు.

ఇంగ్లిష్ మీడియం దీన్ని ఇంకా చిక్కుముడి చేసింది. ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లాడు ఇంగ్లిష్ పుస్తకం చదవలేకపోతే అది వైకల్యం కాదు, మీడియం సమస్య. తెలుగులోనూ అదే తంటా పడుతున్నాడా అని చూడాలి. ఈ సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇస్తారు. 2018 మార్గదర్శకాల్లో 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష ఉండేది. సర్టిఫికెట్‌కు ఎనిమిదేళ్లు కావాలి గానీ, సాయం చేయడానికి అక్కర్లేదు. ఒకటో తరగతిలో అక్షరం-శబ్దం కలపలేక ఇబ్బంది పడే పిల్లకు రోజుకు పావుగంట విడిగా కూర్చుని నేర్పడానికి ఏ బోర్డు సంతకమూ వద్దు.

ఏడీహెచ్‌డీ, అంటే ఒక్కచోట నిలవలేని, దేనిమీదా ధ్యాస నిలపలేని సమస్య. దీని పేరు విడిగా ఆ 21లో లేదు. అందుకే ఈ పిల్లలకు స్కూళ్లలో హక్కుగా అడిగే వీలు తక్కువ, తిట్లు ఎక్కువ. మూడు నుంచి ఐదేళ్ల మగపిల్లాడు నేల మీద నుంచి లేచేటప్పుడు తన తొడల మీదే చేతులు ఆనించి పైకి పాకుతున్నట్టు లేస్తుంటే, మెట్లెక్కడానికి ఇబ్బంది పడుతుంటే మాత్రం ‘బలం లేదు, గుడ్డు పెట్టండి’ అని వదిలేయొద్దు. కండరాల క్షీణత కావచ్చు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

భవిత సెంటర్ ఎక్కడుంది?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో ‘భవిత’ కేంద్రాలున్నాయి. సాధారణంగా ఏదో ప్రభుత్వ బడి ఆవరణలోనే ఒకటి రెండు గదులు. సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. ఐఈఆర్‌పీలు అనే ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్ట్ కొన్ని రోజులు వస్తారు. మంచం దిగలేని పిల్లల ఇంటికే వెళ్లి నేర్పుతారు. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఉంటాయి. ఎక్కడుందో తెలియకపోతే మండల విద్యాధికారి ఆఫీసులో అడిగితే చెప్తారు. ఊళ్లో ఉండే అక్కకు ఈ ఒక్క సమాచారం చాలా పనికొస్తుంది. థెరపీ కోసం సిటీకి ఇల్లు మార్చేద్దామా అని ఆలోచించే ముందు ఇదొకటి చూసి రావాలి.

అక్కడ అంతా బాగుందని నేను చెప్పను. ఈ టీచర్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. రెగ్యులరైజ్ చేయమని సమగ్ర శిక్ష ఉద్యోగులు రెండు రాష్ట్రాల్లోనూ సమ్మెలు చేశారు. ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025లో మళ్లీ, ఆ పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. పిల్లాడికి ఒక టీచర్ అలవాటు పడేసరికే నెలలు పడుతుంది, ఆ టీచర్‌కు ఉద్యోగ భద్రత లేకపోతే నష్టపోయేది ఇద్దరూ.

ప్రైవేట్ స్కూళ్లు ‘‘మా దగ్గర అలాంటి ఫెసిలిటీ లేదండి’’ అని చాలా మర్యాదగా పంపించేస్తాయి. లేదంటే ఫీజుకు పైన ‘షాడో టీచర్’ జీతం కూడా మీరే ఇచ్చుకోమంటాయి. 2016 చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ నిధులతోనో గుర్తింపుతోనో నడిచే బడి ఏదైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలి. మామూలు బడా, ప్రత్యేక బడా అన్నదానికి అందరికీ ఒకే సమాధానం లేదు. సైగల భాషలో మాట్లాడే తోటివాళ్లు కావాల్సిన పిల్లకు ప్రత్యేక బడి నయం. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లకు కావాల్సింది ర్యాంప్, గ్రౌండ్ ఫ్లోర్‌లో క్లాస్‌రూమ్, అంతే.

కాగితం అంటే భయం

సర్టిఫికెట్ దగ్గర చాలా కుటుంబాలు ఆగిపోతాయి. ‘‘ముద్ర పడిపోతుంది’’, ‘‘రేపు పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుంది’’, ‘‘ఇంకో రెండేళ్లలో మామూలైపోతాడేమో.’’ ముద్ర బడిలో ఎప్పుడో పడిపోయింది, ‘మొద్దు’ అని. కాగితం వల్ల కనీసం దానికి బదులు ఏదైనా దొరుకుతుంది. యూడీఐడీ కార్డుకు ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు, తర్వాత మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలి. అప్లోడ్ చేయడం, స్లాట్ చూడటం మనలాంటి వాళ్లకు అరగంట పని, ఇంట్లో పెద్దవాళ్లకు అదే పెద్ద కొండ.

ఆ కార్డు మీదే పెన్షన్: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 2023లో పెంచిన 4,016 రూపాయలు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది.

పరీక్షల్లో అయితే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సీబీఎస్‌ఈలో మూడు గంటల పేపర్‌కు అర్హత ఉన్న పిల్లలకు గంట అదనం. జేఈఈలోనూ అంతే. ఐఐటీల్లో 5 శాతం సీట్లున్నాయి. డిస్లెక్సియా ఉన్న పిల్లలూ అందులో పోటీ పడొచ్చని మన కోచింగ్ సెంటర్ల హోర్డింగుల మీద ఎవరూ రాయరు. రెగ్యులర్ సిలబస్ భారమైతే ఓపెన్ స్కూల్ ఉంది, అనుకూలమైన సబ్జెక్టులు ఎంచుకుని తీరిగ్గా పూర్తి చేయొచ్చు.

రాయలేని పిల్లలకు పరీక్షలో స్క్రైబ్‌ను ఇస్తారు, పిల్లాడు చెప్తుంటే రాసిపెట్టే మనిషి. మన దగ్గర పదో తరగతి పరీక్షలకు మామూలుగా తొమ్మిదో తరగతి పిల్లల్ని పెడతారు, బీటెక్ చదివిన మనం కూర్చోవడానికి లేదు. మార్చి దగ్గర పడుతుంటే ఆ పిల్లల కోసం హెడ్మాస్టర్లు, తల్లిదండ్రులు ఊరంతా వెతుక్కుంటారు. మీ ఇంట్లో తొమ్మిది చదివే తమ్ముడో చెల్లో ఉంటే, చేతిరాత బాగుంటే, దగ్గర్లోని హైస్కూల్లో ఒకసారి పేరు ఇచ్చి రమ్మనండి.